మేస్త్రీ జయరాముడికో యోగ్యతాపత్రం

కారని ఇంట్లో కాపురం చేసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

నవ్వకండి! పూర్తి తెలివిలో ఉండే అంటున్నాను. బయట వాన కురుస్తుంటే లోపల పొడిగా కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకు తినేవాడికి వాన విలువ ఏం తెలుస్తుంది? ఆకాశం వంక చూసి చూసి మెడలు పట్టుకుపోయిన జిల్లా మనది. అలాంటి మనమే, ఏడాదికోసారి దారి తప్పి వచ్చిన వానను గడప దాటనివ్వకుండా పైన మిద్దె వేసి అడ్డుకుంటున్నామే, ఇదేం మర్యాదండీ?

మా ఇంట్లో ఆ అపచారం జరగదు. పోయిన ఆశ్వయుజంలో ధర్మవరంలో నాలుగు రోజులు వాన పడింది. మా ఇంట్లో ఆరు రోజులు పడింది! ఊళ్లో వాన నిలిచిపోయి, ఎండ కాసి, జనం దుప్పట్లు ఆరేసుకుంటుంటే మా నడవలో ఇంకా చినుకులే. తహసీలు కచేరీలో వాన కొలిచే గాజుగొట్టం ఒకటుంది చూడండి, దాన్ని తెచ్చి మా వంటింట్లో పెడితే జిల్లా కరువు లెక్కల్లోంచే పోతుంది. మూడో పంచవర్ష ప్రణాళిక వారికి ఈ సలహా ఉచితంగా ఇస్తున్నాను.

మా ఆవిడ చౌడేశ్వరి కూడా ఒప్పుకుంది. అన్నం గిన్నె మీద గొడుగు పట్టుకుని, "ఆకాశం కంటే మన మిద్దే నయం. అడక్కుండానే ఇస్తాండాది" అంది. అది పొగడ్తేనని నేను తీసుకున్నాను.

ఇంతటి ఇల్లు కట్టిన మహానుభావుడు పెనుకొండ వాస్తవ్యులు శ్రీ జయరాముడు మేస్త్రీ గారు. వారి గొప్పతనాన్ని లోకానికి చాటడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను నేతగాళ్ల సహకార సంఘంలో గుమాస్తాను. రోజూ నలుగురికి సర్టిఫికెట్లు రాసిచ్చేవాణ్ని. ఇల్లు కట్టిన చేతులకు ఒక్క యోగ్యతాపత్రం రాయలేకపోతే నా గుమాస్తాగిరీ ఎందుకు?

ముందు వాకిలి తలుపు సంగతి చెబుతాను. మా తలుపు మూయాలంటే ఒకరు లోపలినుంచి లాగాలి, ఒకరు బయటినుంచి తొయ్యాలి. ఇరవై ఏళ్ల కాపురంలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడి చేసిన పని ఏదీ లేదు. గృహప్రవేశం మర్నాడు మొదటిసారిగా, నేను బయటినుంచి, ఆమె లోపలినుంచి, ఊపిరి బిగబట్టి కలిసికట్టుగా పని చేశాం. తలుపు మూసుకుంది. నేను బయట ఉండిపోయాను! తెరవడానికి మళ్లీ ఇద్దరూ పూనుకుని ముప్పావుగంట శ్రమించాం. సంసారంలో ఇంత ఐకమత్యం తెచ్చిపెట్టే తలుపు బెంగళూరులోనైనా దొరుకుతుందా?

ఇక దేవుని గూడు. గోడలో జానెడు లోతున గూడు పెట్టమన్నాం. జయరాముడు గారిది ధారాళమైన చెయ్యి. గోడ అవతలికి వచ్చేదాకా తవ్వారు. ఇప్పుడు గుడిదాకా నడవలేని ముసలివాళ్లు వీధిలోంచే దణ్ణం పెట్టుకుని పోతున్నారు. అటునుంచి పటం వెనకవైపే కనిపిస్తుందనుకోండి! భక్తి ఉన్నవాళ్లకు ముందూ వెనకా ఏమిటి? పూలు మాత్రం వీధిలో మేకలు తినేస్తున్నాయి. వాటికీ పుణ్యం రావద్దూ?

నేల గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఇంట్లో ఈశాన్యం పల్లంగా ఉండాలని వాస్తు తెలిసినవాళ్లు చెప్పారు. ఎంత పల్లంగా ఉండాలో చెప్పలేదు! ఆ కొరత మేస్త్రీగారు తీర్చారు. చెంబు, గుండీ, నయాపైస, చింతగింజ, అప్పడాల కర్ర, ఏది చెయ్యి జారినా దొర్లుకుంటూ పోయి ఈశాన్యం మూలలో మా కోసం ఎదురుచూస్తుంటుంది. మా ఇంట్లో వెతుకులాట అనేదే లేదు. మా ఆవిడ ఉదయం లేచి చేటతో ఆ మూలకు పోయి ఇంటి సామానంతా ఎత్తుకొస్తుంది.

ఆ ఈశాన్యం మూలలోనే మా మగ్గం గుంట ఉంది.

ఈ గుంట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నేతపని తెలియని పాఠకులు కూడా ఉంటారు కదా! మాది గుంట మగ్గం. నేసేవాడు నేలమీద కూర్చుని కాళ్లు గుంటలోకి దించి, తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తాడు. గుంట పొడిగా ఉండాలి. తేమ తగిలితే మగ్గానికి నిలువుగా బిగించిన పట్టు పడుగు సాగుతుంది, పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, చీర చెడుతుంది. మగ్గాన్ని విప్పి బండిమీద వేసుకుని పోవచ్చు. గుంటను తీసుకుపోలేం. బాడుగ ఇల్లు ఖాళీ చేసినప్పుడల్లా తవ్విన గుంటను మన చేతులతోనే పూడ్చి, అలికి, నేల చదును చేసి ఇవ్వాలి. కొత్త ఇంట్లో కొత్త గుంట తవ్వుకోవాలి.

మా నాయన గోవిందరాజులు ఈ ఊళ్లో ఏడు ఇళ్లు మారాడు. ఏడు గుంటలు తవ్వి ఏడూ పూడ్చాడు. ఆయనకు మిద్దె అక్కర్లేదు, అరుగు అక్కర్లేదు, రంగుల కిటికీ అక్కర్లేదు. "పూడ్చే పని లేని గుంట ఒగటి కావల్లరా నాకు" అనేవాడు. నేను ఇల్లు కట్టించింది ఆ ఒక్క గుంట చుట్టూనే.

ఇంతటి ముఖ్యమైన పనికి జయరాముడు గారిని ఎలా పట్టానంటారా? హిందూపురంలో బెల్లం వ్యాపారం చేసే శంకరప్ప మా నాయన నేసిన చీరలు ఎప్పుడూ కొనేవాడు. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడని తెలిసి పోయి అడిగాను. అరుగుమీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"మేస్త్రీ అంటే వాడే అప్పా! ఆ చెయ్యి, ఆ నిదానం! కండ్లు మూసుకోని పిల్చుకోని పో. ఈ రోజే పిల్చుకోని పో" అన్నాడు.

ఆ 'ఈ రోజే' అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగి ఉండాల్సింది. ఆగలేదు. లోపలికి పోయి ఇల్లు చూద్దామనుకుంటే, ఆడవాళ్లు ఒడియాలు పెడుతున్నారని చెప్పాడు. సరే, అరుగు బాగుంది కదా, ఇల్లు కూడా బాగుంటుందని వచ్చేశాను. ఆ అరుగు ఒక్కటీ పాత ఇంటినాటిదని నాకెలా తెలుస్తుంది?

జయరాముడు గారు వచ్చారు. పునాదులు తీశారు. ఎర్రమట్టి తవ్విపోసి నిచ్చెన పక్కన కుప్ప పెట్టారు. నేను కనగానపల్లి వైపునుంచి ఆరు బండ్ల చౌడుమట్టి తోలించి వాకిలి దగ్గర పోయించాను. మన సీమలో పుట్టినవాళ్లకు చౌడు సంగతి చెప్పనక్కర్లేదు. తెల్లటి ఉప్పుమట్టి. అందులో పైరు మొలవదు, నీరు ఇంకదు. అందుకే మిద్దెమీద బండలు పరిచి పైన చౌడు పోస్తారు. వాన నీళ్లు ఇంకకుండా జారిపోతాయి. ఎర్రమట్టి కింద గదుల్లో నింపి నేల ఎత్తు చేస్తారు. మా తాతల కాలంనుంచీ ఇదే పద్ధతి.

జయరాముడు గారికి పాత పద్ధతులంటే పట్టింపు లేదు. నిచ్చెనకు దగ్గరున్న కుప్ప మిద్దెమీదికి పోయింది. వాకిలికి దగ్గరున్న కుప్ప ఇంట్లోకి పోయింది. ఎర్రమట్టి పైన, చౌడు కింద! కూలీలు నాలుగడుగులు ఎక్కువ నడవకుండా వారు తీసుకున్న శ్రద్ధ అది. కూలీల కష్టం గురించి ఇంత ఆలోచించిన మేస్త్రీ ఇంకొకడున్నాడా?

నేను ఆఫీసులో ఉన్నాను. మా నాయన అక్కడే ఉన్నాడు. చూశాడు. "మేస్త్రీ, చౌడు లోపలికి పోతాండాది" అన్నాడట.

"పెద్దాయనా, నీ మగ్గం కాడికొచ్చి పోగు ఎట్ల ఎయ్యల్లో నేను చెబుతానా?" అన్నారట జయరాముడు గారు.

మా నాయన నోరు మూసుకున్నాడు. ఒక పనివాడి చేతికి ఇంకో పనివాడు అడ్డం పోకూడదని ఆయన నమ్మకం. డెబ్బై ఏళ్లు ఆ నమ్మకంతోనే బతికాడు. నాకు కూడా చెప్పలేదు. నేను పై మట్టి రంగు చూసి, కొత్త రకం చౌడేమో అనుకున్నాను. గుమాస్తాకు అంతకంటే తెలివి ఉంటే గుమాస్తా ఎందుకవుతాడు?

గృహప్రవేశం రోజున మేస్త్రీకి బట్టలు పెట్టడం ఆచారం కదా! మా నాయన తన చేత్తో నేసిన పట్టంచు కండువాను జయరాముడు గారి భుజంమీద కప్పి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కొత్త గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, చాలాసేపు నేయకుండా ఊరికే కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

తర్వాత ఆశ్వయుజం వచ్చింది. పైన ఎర్రమట్టి వాననంతా తాగి కిందికి వదిలింది. ఆ నీళ్లు నేలమీద పడి ఈశాన్యానికి నడిచాయి. గుంటలో చేరాయి. చుట్టూ చౌడే కాబట్టి ఒక్క చుక్క ఇంకలేదు! కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది, మా గుంట నిండుగానే ఉంది. మునిసిపాలిటీ వారు ఇన్నేళ్లుగా చేయలేని పని మా ఇంట్లో జరిగిపోయింది. కప్పలు కూడా వచ్చాయి. ఇంట్లో పాటకచేరీ!

సంతకు గొర్రెలు తోలుకుపోయే మారక్క ఒకరోజు వాకిట్లో నిలబడి, "అన్నా, మీ మగ్గం గుంటలో నీళ్లుండాయంట గదా! మా పిల్లలకు రెండు గుక్కలు తాపుకోనా?" అని అడిగింది. మా ఆవిడ ఏం చెప్పిందో రాస్తే ఈ పత్రిక వారు అచ్చు వేయరు. గొర్రెపిల్లలు మాత్రం తాగి పోయాయి. ఉప్పగా ఉన్నా తాగాయి.

నీళ్లు తోడిపోయడానికి మేం ప్రయత్నించలేదనుకున్నారా? తోడాం. తోడాక చౌడు చెమర్చడం మొదలుపెట్టింది. తొక్కుడు చెక్కలమీద తెల్లగా ఉప్పు పూసింది. వేసిన పడుగు వేసినట్టే సాగిపోయి కోసేయాల్సి వచ్చింది. గుంట ఇంకో మూలకు మార్చుదామని తవ్వితే అక్కడా చౌడే. ఇల్లంతా అదే కదా నింపింది!

మట్టి మార్చాలి. పైది కిందికి, కిందిది పైకి. ఊళ్లో మరో మేస్త్రీని పిలిచాను. ఆయన వచ్చి చూసి, నాలిక కరుచుకుని, "బట్టలు పెట్టించుకున్న మేస్త్రీ బతికుండంగా ఆయప్ప మిద్దెమీద మేం చెయ్యి పెట్టకూడదు" అన్నాడు. ఇంకొకాయనా అదే మాట. పనివాళ్ల కట్టుబాటట! మేమే పలుగు పట్టుకుందామంటే, ఏ బండ ఏ దూలంమీద ఆనిందో కట్టినవాడికే తెలుసునని, కదిలిస్తే మిద్దె మొత్తం నెత్తిన పడుతుందని బెదిరించారు. మా మేస్త్రీగారి పనితనం తెలిసినవాణ్ని కనుక వెంటనే నమ్మాను.

పాసింజరెక్కి పెనుకొండ పోయాను. అక్కడ కోట పక్కన ఒకరి గోడమీద కూర్చుని ఉన్నారు జయరాముడు గారు. మా నాయన నేసిన పట్టంచు కండువా తలకు చుట్టుకుని, దానిమీద సున్నం చిందించుకుని!

"ఏమప్పా గుమాస్తా, ఇంత దూరం వస్తివి! ఇల్లు బాగుండాదా?" అన్నారు.

"కారతాండాది మేస్త్రీ."

"కారదు. నేను కట్టిన మిద్దె కారదు. వానే ఎక్కువ పడిండాది."

"మట్టి తారుమారు చేసినావు గదప్పా! పైన పొయ్యాల్సింది కింద పోసినావు."

ఆయన తలగుడ్డ అంచుతో చేతి సున్నం తుడుచుకున్నారు. తప్పు ఒప్పుకుంటారేమోనని నేను ఇంకో అడుగు దగ్గరికి వేశాను.

"రెండు కుప్పలూ నీ ఇంట్లోనే ఉండాయి గదా? ఒక్క బుట్టన్నా యాడికన్నా పోయిందా?" అన్నారు.

చూశారా నిజాయితీ! ఒక్క బుట్ట మట్టి కూడా పక్కదారి పట్టించలేదు. వచ్చి మార్చిపొమ్మని చేతులు పట్టుకుని బతిమాలాను.

"వస్తా. రానని అంటానా? అయితే ఒట్టి మట్టి పనికి నిచ్చెన్లూ, పారలూ, కూలోళ్లనూ రైలెక్కిచ్చి తెచ్చేదెట్లప్పా? మీ వీధిలో ఇంకొగ ఇల్లు తగల్నీ. ఆ పనికొచ్చినప్పుడు నీదీ జేసి పోతా. ఎవురికన్నా నా గురించి నాలుగు మంచి మాటలు జెప్పు."

తర్వాతి రైలెక్కి హిందూపురం పోయాను. శంకరప్పను నాలుగు మాటలు అడిగి కడుపుమంట చల్లార్చుకుందామని. ఈసారి ఆయనే నన్ను లోపలికి తీసుకుపోయాడు. పొగగూడు వంటింటికి బదులు పడకగదిలో ఉంది. మెట్లు ఎక్కుతూ పోయి గోడ దగ్గర ఆగిపోయాయి. పాపం, మా ఇల్లే నయమనిపించింది.

"మరి అంత పొగిడితివే!" అన్నాను.

"ఏం చేసేదప్పా? రిపేరీ అని ఎనిమిది నెల్లు నా ఇంట్లోనే ఉండె. ఒగ గోడ సరిజేస్తే రెండు గోడలు చెడిపాయ. దుడ్లు పోతే పోనీ, మనిషి పోతే చాలనుకొంటి. పొగిడితేగానీ పోడు. నీకు దేవుడు పంపినట్ల వస్తివి" అని రెండు చేతులూ జోడించాడు.

కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. ఆయన మేస్త్రీని పంపించడానికి పొగిడాడు. నేను రప్పించడానికి పొగడాలి. ఇంతకంటే తేడా ఏముంది మా ఇద్దరికీ?

ధర్మవరం వచ్చాక అదృష్టం తలుపు తట్టింది. తట్టడానికి మా తలుపు తెరిచే ఉంటుంది కదా! ఎదురు ఖాళీ స్థలం నాగభూషణం కొన్నాడు. మనవాడే, నేతగాడు. ఆదివారం పూట వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"అన్నా, మీ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎట్లోడు?" అని అడిగాడు.

ఎన్ని పొగడ్తలు సిద్ధం చేసుకున్నానో! ఆ చెయ్యి, ఆ నిదానం, అన్నీ నాలిక చివర ఉన్నాయి. నోరు తెరిచాను. అరుగు చివర కూర్చుని దారం చుడుతున్న మా నాయన తల ఎత్తకుండానే అన్నాడు.

"రేయ్, వానికీ మగ్గముండాది."

అంతే. మేస్త్రీ ముందు తాను మూసుకున్న నోటిని ఆయన నాగభూషణం కోసం తెరిచాడు. నేను ఇక అబద్ధం ఎలా చెప్పేది? గూడు చూపించాను, నేల చూపించాను, గుంట చూపించాను. నాగభూషణం గుంటలోకి వంగి చూసి లేచిపోయాడు. కనగానపల్లి మేస్త్రీతో ఇల్లు కట్టించుకున్నాడు. పైన చౌడు, కింద ఎర్రమట్టి. రెండు మగ్గాలకు రెండు గుంటలు. పొడిగా, చేత్తో తడిమితే దుమ్ము రాలేంత పొడిగా!

అందులో ఒకటి మా నాయనకు ఇచ్చాడు. ఆయన రోజూ పొద్దున వీధి దాటి పోయి, ఆ ఇంట్లో కాళ్లు దించుకుని నేసి, సాయంత్రం ఇంటికి వస్తున్నాడు. సొంతదైన ఎనిమిదో గుంట నీళ్లపాలైంది, తొమ్మిదోది మళ్లీ పరాయిదే అయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుచేత, పాఠక మహాశయులారా, ఈ యోగ్యతాపత్రం మీ కోసం రాస్తున్నాను. మీలో లాయర్లుంటారు, డాక్టర్లుంటారు, తహసీల్దార్లుంటారు, మగ్గం ముఖం చూడనివాళ్లు ఎంతోమంది ఉంటారు. మా వీధిలో ఇంకా రెండు స్థలాలు ఖాళీగా ఉన్నాయి. గాలి బాగా వీస్తుంది, స్టేషను దగ్గర, ఇరుగుపొరుగు మంచివాళ్లు. కొనండి! జయరాముడు మేస్త్రీని పిలవండి! ఇల్లే కట్టనక్కర్లేదు. పశువుల కొట్టమైనా సరే. ప్రహరీ గోడైనా సరే. మోకాలెత్తు తులసికోటైనా సరే. ఎలా కడతారని మాత్రం అడగకండి. వారు నిచ్చెనలతో, పారలతో, కూలీలతో మా వీధిలో అడుగుపెడితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ముహూర్తాల కోసం ఆగకండి. మా నాయనకు డెబ్బై రెండు దాటాయి.